పాకం మీద పంచనామా

1955 వేసవిలో నన్ను మద్యనిషేధ విభాగంలో సబ్ ఇన్‌స్పెక్టరుగా ఓర్వకల్లు వైపు వేశారు. కర్నూలు అప్పుడు రాజధాని. ఆఫీసులు చాలావరకు గుడారాల్లో ఉండేవి. గాలి గట్టిగా వీస్తే ఫైళ్లు తమంతట తామే ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు బదిలీ అయ్యేవి. నాకు ఒక టోపీ, ఒక సైకిలు, ఖాదర్ వలీ అనే కానిస్టేబులును ఇచ్చారు. మూడింటిలోనూ కొత్తది టోపీ ఒక్కటే.

మా పని గురించి రెండు మాటలు. సారా కాచేవాళ్లు బెల్లాన్నీ తుమ్మ చెక్కనూ నీళ్లలో వేసి పులియబెడతారు. దాన్ని ఊట అంటారు. సారా దొరికినా కేసే, ఊట దొరికినా కేసే. దొరికిన సరుకును జప్తు చేసి, ఆ ఊరివాళ్లు ఇద్దరి ఎదుట అక్కడికక్కడే పంచనామా రాయాలి. అంటే ఏం దొరికింది, ఏ రూపంలో దొరికింది అనే వివరం. ఆ ఇద్దరినీ పంచులంటారు. వాళ్లకు చదివి వినిపించి సంతకాలు తీసుకోవాలి. సీసాలో నమూనా పట్టి, లక్కతో సీలు వేసి రసాయన పరీక్షకు పంపాలి. ఫలితం రావడానికి నెలలు పట్టేది. అంతవరకూ ముద్దాయి ముద్దాయే.

ఒక మధ్యాహ్నం ప్రకాశం అనే ముప్పై ఏళ్ల మనిషి మా క్యాంపుకు వచ్చాడు. తన ఊళ్లో చర్చి వెనక ఎస్తేరమ్మ అనే ముసలామె ఇంటి పెరట్లో సారా కాస్తున్నారని, బుట్టెడు బెల్లం దిగిందని, పోగైనవాళ్లంతా వయసు మళ్లినవాళ్లేనని చెప్పాడు. అతను చెప్పింది డైరీలో ఎక్కించాను. సమాచారం ఇచ్చినవాడి పేరు బయటపెట్టకూడదని మా నియమం. ప్రకాశానికి అంత గోప్యం అక్కర్లేనట్టుంది; దారి చూపిస్తానని మా వెంటే బయలుదేరాడు.

ఇంటి దగ్గరికి చేరేసరికి పెరట్లోంచి పొగా పాటా కలిసి వస్తున్నాయి. చర్చి పాటే, కానీ ఎవరి రాగం వాళ్లది.

"ఇన్నారా సార్, గొంతులు? అప్పుడే తాగినారు" అన్నాడు ఖాదర్ వలీ.

తాగలేదు. వాళ్లలో చాలామందికి పళ్లు లేవు, అంతే.

మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద బాణలి ఉంది. అందులో ఏదో గోధుమరంగులో కుతకుతలాడుతోంది. గరిటె పట్టుకున్నది ఎస్తేరమ్మ. పొయ్యి విసురుతున్నది దానియేలు అనే రిటైరైన రోడ్డు మేస్త్రీ. చుట్టూ ఇంకో అరడజను మంది ముసలివాళ్లు బెల్లం నలగ్గొడుతున్నారు. వంటచెరకుగా పేర్చినవి తుమ్మ మొద్దులు, బెరడుతో సహా.

"సార్, బెల్లం ఉండాది, తుమ్మ చెక్క ఉండాది, పొయ్యి ఉండాది. ఇంగ సారా ఒకటే తక్కువ" అన్నాడు ఖాదర్ వలీ.

నేను టోపీ సర్దుకుని, శిక్షణలో నేర్పిన గొంతుతో, ఎవరూ కదలకూడదని హెచ్చరించాను.

"కదలకపోతే అడుగంటుతాది నాయనా" అంది ఎస్తేరమ్మ, కలబెడుతూనే.

అది బొరుగుల ఉంటలకు, అంటే మరమరాల ఉండలకు, పెట్టిన పాకమని, మరునాడు పెళ్లి ఉందని దానియేలు చెప్పాడు. ఎవరి పెళ్లి అని అడిగాను.

"నాది" అంది ఎస్తేరమ్మ.

ఆమెకు అరవై ఉంటాయి. భర్త పోయి చాలాకాలమైంది. పెళ్లికొడుకు ఎవరని అడిగితే, పొయ్యి విసురుతున్న దానియేలు బడిలో హాజరు పలికినట్టు చెయ్యెత్తాడు.

అప్పుడు ఆమె చూపు నా భుజం మీదుగా వెనక్కి పోయింది.

"ఏమిరా ప్రకాశా, నువ్వూ వచ్చినావా? మంచిదే. బొరుగుల్లో రాళ్లుంటాయి, ఏరు."

ప్రకాశం ఆమె కొడుకని నాకు అప్పుడు తెలిసింది. మా గోప్యత నియమం అంతటితో గాల్లో కలిసింది.

"ఈ వయసులో పెండ్లేందిమా? ఊర్లో తలెత్తుకోని తిరగలేకుండా ఉండా" అన్నాడు అతను.

"తల దించుకోనే ఏరు. రాళ్లు బాగా కనపడతాయి."

ఊళ్లో పడుచువాళ్లెవరూ ఈ పెళ్లిపనికి చెయ్యి వేయకూడదని ఇంటింటికీ తిరిగి చెప్పింది కూడా అతనేనట. అందుకే పెళ్లి మిఠాయి ముసలివాళ్ల చేతుల మీద పడింది.

అక్కడితో వెనక్కి తిరిగి ఉండవచ్చు కదా అని మీరు అడగవచ్చు. సమాచారం డైరీలో ఎక్కింది. బెల్లం, తుమ్మ చెక్క కళ్లెదుట ఉన్నాయి. ఏమీ రాయకుండా తిరిగి వస్తే, ఎంత పుచ్చుకున్నావని మా పైఅధికారి అడిగేవాడు. కాబట్టి పంచులను పిలిపించాను. ఒకరు చర్చి పాస్టరుగారు, రెండోవాడు ఊరి తలారి. పైన ఎవరు సంతకం పెట్టినా దాని కింద వేలిముద్ర వేయడం తలారి అలవాటు.

పాస్టరుగారు అంతా విని ఒక మాట చెప్పారు. సారా కేసులో పేరున్నవాళ్లకు చర్చిలో పెళ్లి జరిపించే ఆచారం లేదట. కేసు తేలేదాకా ఆగవలసిందేనట. ప్రకాశం ముఖం చూస్తే ఈ ఆచారం అతనికి ముందే తెలుసని అర్థమైంది.

"తేలేదానికి ఎన్ని దినాలు సారూ?" అన్నాడు దానియేలు. నెలలు పడుతుందన్నాను. "నెలలా! మా ఇద్దరికీ కలిపి ఎన్ని ఉండాయో ఎవరికెరుక?"

అది బరువైన మాటే. కానీ అప్పుడే ఒక నిప్పురవ్వ ఎగిరి ఆయన పంచె మీద పడింది. దాన్ని దులుపుకుంటూ ఆయన వేసిన గంతులో ఆ బరువు నిలవలేదు.

జప్తు చేసిన సరుకును దొరికిన రూపంలోనే ఉంచాలి. బాణలి దింపించి, ఎవరూ ముట్టుకోవద్దన్నాను. "గడ్డ కడతాది సారూ" అని ఎస్తేరమ్మ మొత్తుకున్నా వినలేదు. నేను పంచనామా రాస్తుంటే ఖాదర్ వలీ గరిటెతో సీసాలోకి నమూనా పోశాడు. అది తీగ సాగింది, తెగలేదు. గాలికి ఊగి అతని మీసానికి చుట్టుకుంది. నమూనాలో కొంత సీసాలోనూ కొంత కానిస్టేబులు మీదా జప్తయింది.

రాయడం అయ్యాక చదివి వినిపించాను: "బాణలిలో గోధుమరంగు ద్రవం." పాస్టరుగారు లేచి గరిటెతో బాణలిలో కొట్టారు. ఠంగుమంది.

"ఇది ద్రవం కాదండీ" అన్నారు.

కొట్టేసి "ఘనపదార్థం" అని రాశాను. ఈలోగా ఎస్తేరమ్మ, పెళ్లి ఆగినా బెల్లం పాడుచేయనని, బాణలి మళ్లీ పొయ్యి మీద పెట్టింది. పాస్టరుగారు మళ్లీ వంగి చూశారు.

"ఇప్పుడు ద్రవమే" అన్నారు.

మళ్లీ కొట్టేశాను. తలారి మసి పూసుకున్న బొటనవేలు పైకెత్తి ఎదురుచూస్తున్నాడు. చదివేటప్పుడు నిజమై, సంతకం పెట్టేటప్పుడు అబద్ధమయ్యే కాగితం మీద తాను సంతకం చేయలేనని, అబద్ధ సాక్ష్యం తమకు పాపమని పాస్టరుగారు తేల్చి చెప్పారు.

దీన్ని ఒకచోట నిలబెట్టే మార్గమే లేదా అని అడిగాను.

"బొరుగులు పోసి ఉంట చుడితే ఇంగ యాడికీ పోదు నాయనా" అంది ఎస్తేరమ్మ.

పాడైపోయే సరుకును అధికారి తగిన విధంగా భద్రపరచవచ్చునని మాకు ఒక నిబంధన ఉండేది. దాని కింద, సరుకును భద్రపరచవలసిందిగా నేను ఉత్తర్వు ఇచ్చాను.

భద్రపరచడం తేలిక కాదు. పాకం వేడి మీద ఉండగానే చుట్టాలి. ముసలివాళ్ల కీళ్లకు అంత వేగం లేదు. నేను, ఖాదర్ వలీ, పాస్టరుగారు, తలారి అందరం చేతులు పెట్టాం. నేను చురుక్కుమని చెయ్యి వెనక్కి లాక్కుంటే, "ధైర్యం కాదు సారూ కావాల్సింది, నీళ్లు. చెయ్యి తడుపుకో" అంది ఒక ముసలమ్మ. బాణలి అడుగున పాకం బిగుస్తుండగా ఎస్తేరమ్మ "ప్రకాశా, చెయ్యి పెట్రా!" అని కేక వేసింది. అతను ఆలోచించే లోపలే అతని చేతులు వచ్చేశాయి. చిన్నప్పుడు ఎన్నిసార్లు పిలిచిందో! ఫిర్యాదీ చుట్టిన ఉంటలే అందరివాటికన్నా గుండ్రంగా వచ్చాయి.

చివరి పంచనామాలో ఇలా రాశాను: "బొరుగుల ఉంటలు. బెల్లం వాసన. ఊట కాదు." పాస్టరుగారు సాక్ష్యం కోసం ఒకటి నోట్లో వేసుకుని సంతకం చేశారు. తలారి వేలిముద్ర పాకంతో పడింది. ఆ కాగితం కింది కాగితాన్ని మళ్లీ వదల్లేదు.

తప్పుడు సమాచారం ఇచ్చినవాడి మీద చర్య తీసుకోవచ్చని కూడా నిబంధన ఉంది. ఆ మాట ప్రకాశంతో అన్నాను. అతను జిగురు చేతుల వంక చూసుకుంటూ, "రాసుకోండి సార్, నేను చెప్పింది తప్పు" అన్నాడు.

"చర్యలన్నీ రేపు పెట్టుకోండప్పా, ఇంకా ఒక వాయి ఉండాది" అంది వాళ్లమ్మ. పొరపాటు సమాచారమని రాసి మూసేశాను.

మరునాడు పెళ్లి జరిగింది. నేను డ్యూటీలో ఉన్నాను. ఖాదర్ వలీ మాత్రం, పరిస్థితిని గమనించడానికని చెప్పి, మీసం శుభ్రంగా కడుక్కుని వెళ్లాడు. ప్రకాశం చర్చి గుమ్మం దగ్గర ఉంటల పళ్లెం పట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, వచ్చిన ప్రతివాడి చేతిలోనూ రెండేసి పెట్టాడట.

సర్వీసులో తరువాత చాలా బాణలులు చూశాను. ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఒకటే. పొయ్యి మీద ఉన్నది ఏమిటని అడిగేముందు, అది ఎవరి కోసమని అడగాలి. మొదటి ప్రశ్నకు పరీక్షశాల జవాబివ్వడానికి నెలలు పడుతుంది. రెండోదానికి ఇంట్లోవాళ్లు అక్కడే చెప్పేస్తారు.