గడ్డం గీసిన మద్దిచెట్టు

పందొమ్మిది వందల యాభైలలో నేను కడపలో పత్రికా విలేకరిగా ఉండేవాణ్ణి. ఒకసారి ముసురు పట్టి వంక పొంగి రోడ్డు తెగిందంటే, మైదుకూరు అవతలి అడవి దాకా వెళ్లాను. వంక పక్కన ఒక ముసలి మద్దిచెట్టు ఉంది. దాని మాను నిండా పుట్టగొడుగులు. కాడలు లేవు, గోడకు కొట్టిన పలకల్లా ఒకదానిమీద ఒకటి, చెక్కంత గట్టిగా మొలిచాయి. కొన్ని చేటంత ఉన్నాయి. మా ఎండు సీమలో అలాంటివి నేనెన్నడూ చూడలేదు.

ఆదివారం పేజీలో నేను తీసిన బొమ్మ ఒక్కటైనా పడాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక. నా దగ్గరున్న డబ్బా కెమెరాతో తీశాను. కడిగిస్తే అంతా నలుపే. అడవి నీడకు ఆ కెమెరా చాలదు. మా సంపాదకులు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇదేమయ్యా, దోసె మాడిందా?"

ఈ ఆదివారానికి చోటు ఉంచుతాననీ, ఆ తర్వాత అడగవద్దనీ అన్నారు.

స్టూడియో యజమానిని బతిమాలి స్టాండు కెమెరా అడిగి తెచ్చుకున్నాను. ముందుగానే బస్సు కండక్టరుతో అక్కడి అడవి కావలివాడికి కబురు పంపాను: శుక్రవారం ఆ చెట్టు ఫోటో తీయడానికి వస్తున్నాను, జాగ్రత్తగా చూసుకోమని.

వెళ్లేసరికి కావలివాడు కొత్త తలపాగా చుట్టుకుని చెట్టు పక్కనే నిలబడి ఉన్నాడు. మాను నున్నగా ఉంది. అక్కడక్కడా తెల్లటి గాట్లు.

"ఈడుండేటివి ఏమైనాయప్పా?"

"ఆ గజ్జి గురించా సామీ? కొడవలితో గీకి గీకి చేతులు బొబ్బలెక్కినాయి. నీళ్లు పోసి కూడా కడిగినాను."

"ఎవరు గీకమన్నారు?"

"చెట్టును పటం తీస్తానని నువ్వే చెప్పి పంపిస్తివి. మా రేంజరు దొర పటం దిగే పొద్దు గడ్డం గీయించుకోలేదా? చెట్టుకు మాత్రం వద్దా?"

 గీకినవి ఎక్కడ పారేశావని అడిగాను. ఒక్కటి దొరికినా చాలనుకున్నాను.

"పారేసేదెందుకు సామీ? మా ఇంట్లో ఆమె పొయ్యిలో పెట్టింది. శానా బాగా మండుతాండాయంట."

కెమెరా మోసుకుని వంక పొడుగునా తిరిగాను. ప్రతి మానూ తడిమాను. బొటనవేలి గోరంత మొలక ఒకటి కనిపించింది. ముట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చింది. తిరిగి వచ్చేసరికి అతను అక్కడే, అలాగే నిలబడి ఉన్నాడు.

"తియ్యి సామీ, పొద్దుపోతాండాది. నన్ను రోంత పక్కకు జరగమంటావా?"

"ఉండు, ఆడే ఉండు" అన్నాను. నల్లగుడ్డ కింద తల దూర్చి చూస్తే మాను మీద వెలుతురు ఎంత కావాలో అంతే ఉంది. తీశాను. ఫోటో మచ్చ లేకుండా వచ్చింది, తలపాగా మడతలతో సహా. దాన్ని కండక్టరుతో కావలివాడికి పంపాను.

ఆదివారం పేజీలో నా కోసం ఉంచిన చోట్లో పళ్లపొడి ప్రకటన వచ్చింది.