అరువు తెచ్చుకున్న కష్టం

నా చిన్నప్పుడు, మేం న్యూజెర్సీ వచ్చిన మొదటి చలికాలంలో, ఒక మధ్యాహ్నం మా టీచర్ నా డెస్క్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "మీ అమ్మ పోయి ఎన్నాళ్ళైంది?" అని మెల్లగా అడిగింది. ఆ పొద్దునే మా అమ్మ నాకు జడలు వేసి, ఆసుపత్రి ల్యాబ్‌లో డ్యూటీకి వెళ్ళింది.

తప్పు నాదే. 1981లో ప్లెయిన్స్‌బరోలో మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. రాజమండ్రిలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి. పెళ్ళై ఇక్కడికి వచ్చాక, ఆవిడ వీసా మీద ఉద్యోగం చేసే వీలు లేకపోయింది. సాయంత్రాలు నేను ఆవిడ వెంట కింద అందరూ బట్టలుతుక్కునే లాండ్రీ గదికి వెళ్ళేదాన్ని. తిరుగుతున్న డ్రయ్యర్‌కి వీపులు ఆనించి కూర్చునేవాళ్ళం. ఆవిడ విక్టోరియా రాణి కాలంనాటి లావుపాటి నవలలు తెలుగులో చెప్తుంటే నేను ఊఁ కొట్టేదాన్ని.

ఎంతమంది మనుషులో వాటిలో! నోరు తెరిచే ముందు మూడుసార్లు గొంతు సవరించుకునే లాయరు, తాళాలగుత్తి చప్పుడుతోనే ఇల్లంతా హడలెత్తించే పెద్దావిడ. "వీళ్ళు గుర్తుండిపోయేది మంచివాళ్ళనో చెడ్డవాళ్ళనో కాదే. లోపల ఏదో దాచుకుని, దాచలేక అవస్థపడతారు చూడు, అందుకు" అనేది అక్క. నాకు మాత్రం అందరికంటే ఒక తల్లిలేని పిల్ల నచ్చింది. బాబాయి బొగ్గుల కొట్టులో బస్తాల మధ్య పడుకుంటుంది, రొట్టె అంచులు తిని బతుకుతుంది. అయినా కథలో అందరి కళ్ళూ దాని మీదే. మా స్కూల్లో నేనున్నానని కూడా ఎవరికీ తెలియదు.

అందుకే ఒకరోజు లంచ్‌లో, వచ్చీరాని ఇంగ్లీషులో, ఆ కథ నాదని చెప్పేశాను. అమ్మ చచ్చిపోయిందన్నాను. పక్కింటావిడ నన్ను తన దగ్గర పెట్టుకుందన్నాను. బొగ్గుల కొట్టు అంటే నమ్మరని, లాండ్రీ గదిలో పడుకుంటానని మార్చాను. మాట టీచర్ దాకా వెళ్ళింది. అమ్మానాన్నా ఫోన్‌లో దొరకకపోతే పిలవమని ఫారంలో రాసిచ్చిన నంబరు అక్కదే. వాళ్ళిద్దరూ దొరక్క ఆవిడకే ఫోన్ చేశారు.

చీర మీద భర్త కోటు వేసుకుని, మంచులో నడుచుకుంటూ వచ్చింది. టీచర్ అడుగుతున్నకొద్దీ ఆవిడ ముఖం పాలిపోయింది. దేశంకాని దేశంలో, పరాయి పిల్లను లాండ్రీ గదిలో పడుకోబెడుతోందన్న మాట ఎక్కడిదాకా పోతుందో ఆవిడకు తెలుసు. "ఈ పిల్ల అబద్ధాలకోరు" అంటే సరిపోయేది. అంటుందనే ఎదురుచూశాను. ఆవిడ నా ఎదురుగా వంగి తెలుగులో అంది.

"అది బొగ్గుల కొట్టు పిల్లది కదే! దాని కష్టం అరువు తెచ్చుకున్నావేం? నీ కష్టం చాల్లేదా?"

నా గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"నీదేదో నువ్వు చెప్పు. తెలుగులోనే చెప్పు, ఆవిడకి నేను చెప్తా."

"లంచ్‌లో నా పక్కన ఎవరూ కూర్చోరక్కా. అమ్మ చచ్చిపోయిందని చెప్పాకే ఒకమ్మాయి వచ్చి కూర్చుంది."

అక్క దాన్ని పొల్లు పోకుండా ఇంగ్లీషులో చెప్పింది. అక్కడితో ఆగలేదు. పొద్దున భర్త ఆఫీసుకి వెళ్ళాక, నేను స్కూలు నుంచి వచ్చేదాకా, తనతోనూ మాట్లాడేవాళ్ళు లేరని చెప్పింది. మా అమ్మ బతికే ఉందని అర్థమై, టీచర్ మర్నాడు ఆవిడను ఒకసారి రమ్మంది.

"అమ్మకి నువ్వే చెప్పాలి, నేను చెప్పను" అంది అక్క, దారిలో. రాత్రి చెప్పాను. "అయితే నీకీ చపాతీలు కాలుస్తున్నదెవరే, దెయ్యమా?" అని అమ్మ నవ్వింది. తర్వాత స్టవ్ వైపు తిరిగి, ఇంక నా వైపు చూడలేదు.

నిజం చెప్పినందుకు నాకేమీ కలిసిరాలేదు. మర్నాడు ఆ అమ్మాయి తన ట్రే తీసుకుని వేరే టేబుల్‌కి వెళ్ళిపోయింది. వేసవిలో అక్కావాళ్ళు టెక్సాస్ వెళ్ళిపోయారు. అయినా, ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట నా పేరు మీదే చెప్పుకోవాలన్నది ఆ రోజు నుంచీ నాతోనే ఉంది. కాలేజీలోనూ, మొదటి కాన్పు తర్వాత డాక్టరు ముందూ అలాగే చెప్పుకున్నాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నిన్న మా పెద్దది తనతో లంచ్ తినే ఆరుగురు ఫ్రెండ్స్ పేర్లు గబగబా చెప్పింది. స్కూలు నుంచి వచ్చిన క్లాసు లిస్టు తీసి చూశాను. అందులో ఆ పేర్లు ఒక్కటీ లేవు. రాత్రంతా నిద్ర పట్టక ఇది రాస్తూ కూర్చున్నాను.

పొద్దున ఆ ఆరుగురి గురించి ఏమీ అడగలేదు. బూట్లు తొడుక్కుంటున్న పిల్లలిద్దరికీ కలిపి చెప్పాను. "లంచ్‌లో మీ పక్కన ఎవరూ కూర్చోకపోతే, ఎవరూ కూర్చోలేదనే నాతో చెప్పండి. నాకు కోపం రాదు. ఏడవను కూడా. వింటాను."