రేకు లేని చోటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక కారు రెండు వర్షాకాలాలు వరిగడ్డి కింద ఉండిపోయింది. మాది నూజివీడు నుంచి రెడ్డిగూడెం వెళ్లే వైపు ఒక ఊరు. కారు మా నాన్నది. అప్పటికే రెండు చేతులు మారిన పాత విలాయతీ బండి. ఊళ్లో రోడ్డు సరిగ్గా లేకపోయినా ముచ్చటపడి కొనుక్కున్నాడు. తోటకి వెళ్లేటప్పుడు నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకునేవాడు. నాకు ఎనిమిదేళ్లప్పుడు నాన్న జ్వరంతో పోయాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు మా తాతయ్య ఆ కారుని మామిడికాయల కొట్టంలోకి తోయించి, దాని చుట్టూ, పైనా మోకాలి మందాన గడ్డి పరిపించి, పైన గోనెపట్టాలు కప్పించాడు. మా వైపు ఏది జాగ్రత్త చేయాలన్నా గడ్డే. కాయకి దెబ్బ తగలదు, ఎండ తగలదు. కారుకీ అదే మంచిదనుకున్నాడు. గడ్డి చెమ్మని పట్టి ఉంచుతుందనీ, కాయని మాగబెట్టే ఆ ఆవిరే ఇనుముని తినేస్తుందనీ ఆయనకి తట్టలేదు.

రెండేళ్ల తర్వాత, మామిడి పూత మొదలయ్యే రోజుల్లో, మా అమ్మ నోరు తెరిచింది.

"అది నడవాలి, లేకపోతే పాత ఇనుము వాళ్లకి వెళ్లిపోవాలి. ఇట్లా గడ్డి కింద ఉంటే నేను చూడలేను మావయ్యగారూ."

గడ్డి తీయించారు. తలుపుల అడుగున రేకు అప్పడంలా విరిగి చేతికొచ్చింది. మా నాయనమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "కాయల్ని మాగేసినట్టు కారుని మాగేశారు. ఇంక ముచ్చిక తీసి రసం పిండుకోవడమే" అంది. తాతయ్య గోనెపట్టాలు మడతపెట్టసాగాడు.

నూజివీడులో బస్సులకి రేకుల పని చేసే మేస్త్రి ఒకాయన సైకిలు మీద వచ్చాడు. పొట్టిగా, సన్నగా ఉండేవాడు. కారు చుట్టూ తిరిగి, స్క్రూడ్రైవరు పిడితో అక్కడక్కడా తట్టి విన్నాడు.

"పైన ఎన్ని చిల్లులున్నా పర్లేదండి అయ్యగారూ, కొత్త రేకు అతుకుతాను. తలుపుల కింద పొడుగునా దూలం ఉంది చూశారూ, అది పోతే మాత్రం ముట్టుకోను. బండి నడిమికి విరిగిపోద్ది."

ఆ మాట నేను విన్నాను.

పని మా కొట్టం ముందే జరిగింది. గ్యాసు వెల్డింగు సామాను ఎడ్లబండి మీద వచ్చింది. తుప్పు పట్టిన రేకు కోసేసి, నూనె పీపా రేకు సాగగొట్టి, ఆ వంపుకి తెచ్చి అతికేవాడు. గుంటలు పూడ్చడానికి సుద్దపొడి, అవిసె నూనె కలిపి లప్పం చేసేవాడు. అది ఎండాక నాకు ఉప్పుకాగితం ఇచ్చి రుద్దమనేవాడు. ఆడపిల్లకి ఈ పనేమిటని నాయనమ్మ సణిగినా అమ్మ వద్దనలేదు.

ఒక శనివారం సాయంత్రం ఆయన వెళ్లిపోయాక, నేను ఎడమవైపు తలుపు కింద రుద్దుతున్నాను. నేను కూర్చునే వైపు అది. చేతి కింద రంగు పెచ్చు లేచింది. వేలితో నొక్కితే వేలు లోపలికి పోయింది. దూలం అది. మూరెడు మేర లేదు. లోపల గడ్డిపరకలు, ఎర్రటి పొడి.

అంటే కారు పాత ఇనుముకి వెళ్లిపోతుంది. నాకు వేరే ఆలోచన రాలేదు. మిగిలిన లప్పమంతా తెచ్చి, గోనెముక్క లోపలికి దోపి, పైన లప్పం పెట్టి, చేత్తో నున్నగా దిద్ది, మేస్త్రి డబ్బాలో ఉన్న ఎర్ర రంగు పూసేశాను. బాగా కుదిరింది. ఆదివారం పనికి సెలవు. నాలుగుసార్లు వెళ్లి చూసుకున్నాను.

సోమవారం మేస్త్రి వచ్చి అక్కడే కూర్చున్నాడు. బొటనవేలితో ఒకసారి ఒత్తాడు. వేలికి ఎర్ర రంగు అంటింది. లుంగీకి తుడుచుకుని, సంచిలోంచి పాత రేడియో స్పీకరు అయస్కాంతం తీశాడు.

"పాపగారూ, ఈ వైపు దూలం మీరు చూసి చెప్పండి. రేకున్న చోట పట్టుకుంటది. లేనిచోట పట్టుకోదు. నా కళ్లు ఆనటం లేదు."

ఆయన కళ్లు బాగానే ఉన్నాయి. తాతయ్య పడక్కుర్చీలోంచి చూస్తున్నాడు. నేను వెనక నుంచి మొదలుపెట్టాను. అయస్కాంతం టక్కున అంటుకునేది, పీకి మళ్లీ పెట్టేదాన్ని. నా లప్పం దగ్గరికొచ్చేసరికి జారి నేల మీద పడింది. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ పడింది.

"ఏమంటది?" అన్నాడు మేస్త్రి.

అయస్కాంతం తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇక్కడ రేకు లేదు. నేనే పూడ్చాను."

ఆయన సుద్దముక్కతో ఆ చోటు చుట్టూ గీత గీశాడు. తాతయ్య లేచి వచ్చి ఆ గీతని చూశాడు.

"గడ్డి కప్పింది నేను. చిల్లు కప్పెట్టింది ఇది. ఎవరమూ తక్కువ తిన్లేదు" అన్నాడు. రెండేళ్లలో ఆయన ఆ గడ్డి మాట ఎత్తడం అదే మొదలు. అమ్మ లోపలి నుంచి వచ్చి నిలబడింది.

మేస్త్రి నా లప్పం మొత్తం గోకేసి, కారు కిందకి దూరి, మధ్యాహ్నం దాకా తడుతూనే ఉన్నాడు. బయటికొచ్చి అమ్మ వైపు చూసి చెప్పాడు.

"ఈ వైపు ముందు తలుపు కింద దూలం పోయిందండి. కుడివైపు గట్టిగానే ఉంది కాబట్టి ముట్టుకుంటాను. కొత్త దూలం వేసి, ఈ తలుపు మూసేసి అతుకుతాను. రెండూ కలిసి బరువు మోస్తాయి. ఇంక ఈ తలుపు తెరుచుకోదు. అట్లాగైతే నడుస్తది. ఆ లప్పం నమ్ముకుని వెళ్తే విస్సన్నపేట రోడ్డు మీద మొదటి గోతిలోనే తెలిసేది."

"సరే, అతకండి" అంది అమ్మ.

పని మరో నెల పట్టింది. కాయలు దిగే వేళకి కారు నడిచింది. తోట చూసే మా చిన్నాన్న దాన్ని మరో తొమ్మిదేళ్లు వాడాడు. నాన్న పక్క సీటుకి నేను ఎక్కే తలుపు మాత్రం మళ్లీ తెరుచుకోలేదు. అటువైపు కూర్చోవాలంటే కుడివైపు ఎక్కి, నాన్న సీటు మీదుగా జరగాలి. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత అలవాటైంది.

అదంతా ఎప్పటి మాటో. ఇప్పుడు మా ఆయన పోయి నాలుగు నెలలైంది. వచ్చినవాళ్లు మంచి మాటలే చెప్పారు. బాధపడకుండా పోయారనీ, పుణ్యాత్ముడనీ, కాలమే మాన్పుతుందనీ. వాళ్ల తప్పేం లేదు. నేనూ ఎన్నో ఇళ్లలో అవే మాటలు చెప్పి వచ్చాను. చింతలపూడి నుంచి మా అమ్మాయి రోజూ ఫోను చేస్తుంది. "బాగానే ఉన్నావా అమ్మా?" అంటుంది. మొదట్లో "బాగానే ఉన్నానే" అనేదాన్ని. ఈ మధ్య ఆ లప్పం పెట్టడం మానేశాను. పొద్దున బాగానే ఉంటుందనీ, సాయంత్రం నాలుగింటికి, ఆయనకి టీ పెట్టే వేళకి, ఉండదనీ చెబుతున్నాను.

ఇప్పుడది రోజూ సరిగ్గా నాలుగింటికే ఫోను చేస్తోంది.