నాలుగు గ్రాముల అతుకు

ఆమోసుకు అల్లుడి మీద కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఆ ఆదివారం చెంచా చాలింది. భార్య సుసన్నా పుట్టింటి నుంచి తెచ్చుకున్న స్టీలు చెంచా కాడను సగానికి కోసేసి, పద్నాలుగు గ్రాములు తగ్గిందని గిడియోన్ సంబరపడుతున్నాడు. ఓపెన్‌కాస్టు బొగ్గుగని వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్, నోట్లో నాలుక లేనంత మంచివాడు, చర్చిలో గిటారు కూడా వాయిస్తాడు. ఇంత బుద్ధిమంతుడికి ఈ త్రాసు పిచ్చి ఎక్కడ అంటుకుందో ఆమోసుకు అంతుపట్టలేదు.

అంటుకున్నది ఫోనులోనే. అడవిలో రెండు చెట్ల మధ్య ఊయల కట్టుకుని పడుకునేవాళ్ళ గుంపు ఒకటి అందులో ఉంది. కొట్లో దొరికే సరుకు వాళ్ళ కంటికి ఆనదు. ఊయల, దోమతెర, వాన పడితే పైన కట్టుకునే పట్టా అన్నీ ఇంట్లోనే కుట్టుకుంటారు, కత్తిరిస్తారు, తూస్తారు, మళ్ళీ కత్తిరిస్తారు. ఎవరి మూట తేలికైతే వాడే మొనగాడు. గిడియోన్ గీసిన కొత్త రకం ఊయలను అతని భార్య సారిక నెల రోజులు మిషను మీద కుట్టింది. వచ్చే శనివారం గుంపంతా గోదావరి అవతలి గుట్టల్లో కలుస్తోంది. అక్కడ బండరాళ్ళకు పైగా చెట్లకు కట్టిన ఆ ఊయలలో మొదట సారికే పడుకుని చూపించాలట. అంటే తన కూతురి నడుము ఓ దారప్పోగు మీద ఆధారపడబోతోంది. ఆమోసు కోపమంతా అక్కడిదే.

ముప్పై రెండేళ్ళు ఆయన గనిలో తాళ్ళు అతికాడు. బొటనవేలంత లావు ఇనుపతాడు పోగులు విప్పి, ఒకదాని కింద ఒకటి దూర్చి, ఎక్కడ అతికాడో కనిపించకుండా చేసేవాడు. ఆ తాడు మీద బొగ్గు టబ్బులు నడిచేవి. మనుషులను దింపే కుర్చీలు కూడా నడిచేవి. ఇన్నేళ్ళలో ఆమోసు అతుకు ఒక్కటి ఊడిందని ఎవరూ అనలేదు. పింఛను కన్నా ఆయనకు ఆ మాటే ఆస్తి. తాడు మొయ్యాల్సిన బరువుకు ఎన్నో రెట్లు గట్టిగా ఉండాలని నేర్చిన మనిషికి, తేలిక అనే మాటే తిట్టులా వినిపిస్తుంది.

అయినా ఊయల రెండు కొసలా ఉచ్చులు అతకమని గిడియోన్ అడిగితే ఆయన కాదనలేదు. కూతురు ఇంకొకడి అతుకు మీద పడుకుంటే ఆయనకు నిద్ర పట్టదు. తాడు చూశాడు. చెప్పులు కుట్టే దారమంత సన్నం, ప్లాస్టిక్కు, లోపల బోలు, సబ్బు రాసినట్టు నున్నన.

"మామ, ఇది ఇనుము లెక్క కాదు, జారుతది," అన్నాడు గిడియోన్. "కొసను తాడు లోపటికే జానెడు దూర్చాలెనట. వీడియో ఉన్నది, చూస్తరా?"

"నేను తాడు పట్టిననాడు మీ నాయిన ఇంక లాగు తొడగలే. నాకు నేర్పుతవా?"

తన పద్ధతిలోనే ఐదు మలుపులు తిప్పి అతికాడు. గిడియోన్ త్రాసు మీద పెట్టి చూశాడు. జానెడు దూర్చే పద్ధతికి అతను వేసుకున్న లెక్క కన్నా నాలుగు గ్రాములు తక్కువ వచ్చింది. ఆ నాలుగు గ్రాములూ చూసి అతను మురిసిపోయాడు. ఇక జారుడు సంగతి ఎత్తలేదు.

క్వార్టర్ వెనుక రెండు కానుగ చెట్లకు ఊయల కట్టారు. సారిక చెప్పులు విడిచి ఎక్కబోతుంటే ఆమోసు అడ్డం వచ్చాడు. మనుషులను మోసే తాడు అతికినవాడే మొదట దాని మీద దిగాలని ఆయనకు పని నేర్పిన బిక్షం చెప్పాడు. ఒక్కరోజు కూడా ఆమోసు ఆ మాట తప్పలేదు.

"ఈ వయసుల నీకు తొట్టెల కావల్సొచ్చిందా?" అంది సుసన్నా. చెంచా కోపం ఆమెకు ఇంకా తగ్గలేదు.

ఆయన గొణుక్కుంటూ ఎక్కాడు, పడుకున్నాడు. ఊయల ఊగింది, ఆగింది. చూశావా అని అల్లుడిని దెప్పడానికి ఆమోసు తల తిప్పాడు. తలవైపు ఉచ్చు సర్రున జారిపోయింది. కుర్చీ ఎత్తు నుంచి వచ్చి నేల మీద పడ్డాడు.

సారిక పరుగెత్తుకొచ్చి లేపింది. తుంటి బాగా నొచ్చింది గాని, ఎముకలు బాగానే ఉన్నాయి. గిడియోన్ ముఖం పాలిపోయింది. తాడు మరీ సన్నది తెచ్చానని, తప్పంతా తనదేనని ఒకటే చెబుతున్నాడు. సుసన్నా కూడా అదే అంది. ఆమోసు ఊరుకుంటే ఆ మాటే ఖాయమయ్యేది, ముప్పై రెండేళ్ళ పేరు చెక్కుచెదరకుండా ఉండేది.

ఆయన తాడు కొస చేతిలోకి తీసుకున్నాడు. ఒక్క పోగు కూడా తెగలేదు. దూర్చిన పోగులు దూర్చినట్టే బయటికి వచ్చేశాయి. ఒళ్ళంతా మండిపోయింది. ఈసారి అల్లుడి మీద కాదు. సారికైతే బండల మీద అలాగే పడేది.

"తాడు తెగలే. నా అతుకు జారింది," అన్నాడు. రెండో కొస అతుకు కూడా విప్పేస్తూ, "ఆ వీడియో పెట్టు," అన్నాడు.

పొద్దు వాలేదాకా ఫోను చూస్తూ, ఆ వీడియోలో కుర్రాడి యాసను తిడుతూ, తాడు లోపలికి తాడు దూర్చాడు. నాలుగు గ్రాములు పెరిగిందని గిడియోన్‌కు తెలుసు. త్రాసు మాత్రం బయటికి తీయలేదు.

మళ్ళీ కట్టారు. ఈసారి తాను ఎక్కుతానని గిడియోన్ ముందుకొచ్చాడు.

"అతికింది ఎవరు?" అన్నాడు ఆమోసు.

కుంటుతూ వచ్చి, సుసన్నా తిడుతుండగానే ఎక్కి పడుకున్నాడు. గిడియోన్ ఊయల కింద మోకాళ్ళ మీద కూర్చుని, మామ నడుము కింద రెండు చేతులూ చాపాడు. చేతులు తియ్యమని, అడ్డమని ఆమోసు విసుక్కున్నాడు. గిడియోన్ తియ్యలేదు.