చప్పుడు చేయని బండి

కొత్త బండి కొనమని పట్టుబట్టింది మా బావే. మా అక్క మొగుడు. మాచర్ల దగ్గర నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ మేమిద్దరం కలిసి పెట్టాం. ఆయన అక్కడే ఉంటాడు, నేను నరసరావుపేట నుంచి వెళ్లి వస్తుంటాను. నా పాత డీజిల్ బండి గేటుకు చాలా దూరంలో ఉండగానే వినపడేది. ఆ మోత వినగానే మా పనివాళ్లు స్టవ్ మీద టీ పెట్టేవాళ్లు. బావ నవ్వుతూ గేటు దాకా ఎదురొచ్చేవాడు. ఆయన ఎదురు రాని రోజు నాకు గుర్తులేదు. ఇలాంటి మనిషి దొరికినందుకు అక్క అదృష్టవంతురాలని మురిసిపోయేవాణ్ణి.

పూర్తి ఎలక్ట్రిక్ అంటే నాకు భయం. మాచర్ల రోడ్డులో ఛార్జింగ్ అయిపోతే ఎవడి గుమ్మం ముందు వైరు పట్టుకుని నిలబడాలి? హైబ్రిడ్‌తో ఆ తిప్పలు లేవని బావే విడమర్చి చెప్పాడు. అందులో పెట్రోల్ ఇంజనూ ఉంటుంది, బ్యాటరీతో తిరిగే మోటారూ ఉంటుంది. కదిలేటప్పుడు, మెల్లగా పోయేటప్పుడు మోటారే లాగుతుంది. వేగం పెరిగితే ఇంజను అందుకుంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా అదే మోటారు కరెంటు పుట్టించి బ్యాటరీలోకి పంపుతుంది, ఇంట్లో ప్లగ్గు పెట్టే పని లేదు. అందుకే ఊళ్లో ఆగి ఆగి నడిపేవాళ్లకు పెట్రోల్ బాగా కలిసొస్తుంది. పల్లం వస్తే బండిని న్యూట్రల్‌లో వదిలేయడం మా వైపు అందరికీ అలవాటు.

"ఇందులో ఆ యేషాలు ఎయ్యమాకరా. న్యూట్రల్ చేస్తే ఛార్జింగ్ ఎక్కదు" అని పక్కన కూర్చుని మరీ నేర్పాడు.

యూనిట్ ఉన్న స్థలం మాది కాదు, లీజుది. ఆ గడువు దగ్గర పడింది. ఎప్పటిలా ఇద్దరి పేర్ల మీదే రాయిస్తానని, నేను తిరగక్కర్లేదని బావ అన్నాడు. ఆయన అన్నాక నేనెందుకు అడుగుతాను?

ఆ రోజు గురజాలలో ఒక కస్టమరును కలిశాను. బావతో కలిసి భోంచేద్దామనిపించి, ఫోన్ కూడా చేయకుండా మాచర్ల వెళ్లాను. బజారంతా ఆటోలు, గేదెలు, స్పీడ్ బ్రేకర్లు. బ్రేకు మీద నుంచి కాలు తీయనిస్తేగా! ఊరు దాటేసరికి బ్యాటరీకి ఛార్జింగ్ బాగా ఎక్కింది. యూనిట్ దారిలోకి తిరిగాక ఇంజను ఆగిపోయి మోటారు ఒక్కటే లాక్కెళ్లింది. దారంతా రాతిపొడి, టైర్ల చప్పుడు కూడా లేదు. కరెంటు పోయి మిషన్లు ఆగి ఉన్నాయి. షెడ్డు గోడ పక్కన నిలిపి అద్దం దించాను.

గోడకు అవతల బావ, స్థలం యజమాని మాట్లాడుకుంటున్నారు. పాత కాగితంలో రెండు పేర్లున్నాయి కదా, రెండో ఆయన ఒప్పుకుంటాడా అని యజమాని అడుగుతున్నాడు.

"వాడిదేముందండీ, నేనేం చెప్తే అదే. అయిపోయాక చెప్పుకుందాంలే. నా పేరూ మా పెద్దోడి పేరూ పెట్టండి, చాలు."

ఒళ్లు మండిపోయింది. దిగి, కావాలనే తలుపు గట్టిగా వేశాను. మాటలు టక్కున ఆగాయి. బావ బయటికొచ్చాడు. మొహాన అదే నవ్వు.

"ఎప్పుడొచ్చావురా? బండి మోతే రాలా."

"నువ్వు కొనిపించిన బండే గదా బావా" అన్నాను.

లోపల ఎవరో స్టవ్ వెలిగించారు. టీ తాగకుండా వచ్చేశాను.

లీజు సంగతి పెద్దమనుషుల్లో పెడతాను, వదిలేది లేదు. కానీ దారి పొడుగునా నన్ను కోసింది గేటు దగ్గర ఆ నవ్వు. ఇన్నేళ్లూ నా డీజిల్ మోత వినపడగానే ఏ మాటలు ఆపేసి ఎదురొచ్చేవాడో ఇప్పుడు ఎలా తెలుస్తుంది? నకరికల్లు దగ్గర ఆపి అక్కకు ఫోన్ చేద్దామనుకున్నాను. ఆమెకు ముందే తెలుసేమోనని భయమేసి, చేయలేకపోయాను.