మడమ కింద రబ్బరు బిళ్ల

మా ఆవిడ యాంకర్. టీవీలో కాదు, ఫంక్షన్లలో. కర్నూలు, కడప చుట్టుపక్కల రిసెప్షన్లు, షష్టిపూర్తులు, షోరూము ప్రారంభాలు జరిగితే మైకు పట్టుకుని వాటిని నడిపిస్తుంది. నాకు బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే చిన్న యూనిట్ ఉంది. మేం ఉండేది కర్నూల్లో. నాన్న పోయాక మా అమ్మ నందికొట్కూరు దగ్గరి పొలాన్ని కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చేసింది.

మా ఆవిడ పొట్టి మనిషి. పెళ్లయిన కొత్తలో ఓసారి అడిగాను, అంతంత ఎత్తు చెప్పులతో గంటలకొద్దీ నిలబడటం ఎందుకు, మామూలువి వేసుకోవచ్చు కదా అని. ఎత్తు కోసం కాదంది. హీల్స్ వేసుకుంటే నడుము నిలబడుతుందట, నడుము నిలబడితే గొంతు నిలబడుతుందట. నాకది అప్పుడు అర్థం కాలేదు. ఆమె పనికి కారు తోలుకుని వెళ్లేవాణ్ణి, కార్యక్రమం అయ్యేదాకా బయట నీడ చూసుకుని ఫోన్లో లారీలవాళ్లతో మాట్లాడుకునేవాణ్ణి.

ఆమెకు చాలా జతలున్నా ఒక జత మాత్రం వేరు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెళ్లికూతురు, తన కాలికి బిగుతయ్యాయని, ఒక్కసారి కూడా వేసుకోనివి, పెట్టెతో సహా ఇచ్చేసింది. ఇటలీలో ఎవరో పేరున్న డిజైనర్ చేసినవట. నల్లటి తోలు, ముందు కోసుగా ఉంటుంది, వెనక మడమ బెత్తెడు పైనే ఎత్తు, కిందికి వచ్చేసరికి పెన్సిలంత సన్నం. పెద్ద కార్యక్రమాలకు మా ఆవిడ అవే వేసుకునేది. ఇంటికి రాగానే మెత్తటి గుడ్డతో తుడిచి, గుడ్డ సంచీలో పెట్టి, పెట్టెలో దాచేది.

మా ఇంట్లో పరిచింది మా యూనిట్ నుంచి తెచ్చిన నల్ల బండలే. వాటి మీద ఆ హీల్స్ నడక నాకు బాగా అలవాటైన చప్పుడు. పొడిగా, గుండ్రంగా ఉండేది. ఒక ఆదివారం పొద్దున, మర్నాటి కడప రిసెప్షన్‌కు చీర మీద హీల్స్ ఎలా ఉంటాయో చూసుకోవడానికి ఆమె అవి వేసుకుని హాల్లో అటూ ఇటూ నడిచింది. చప్పుడు మారింది. మేకుతో బండను గీరినట్టు ఉంది. మిషన్ కింద బండ పలికే తీరును బట్టి పాలిష్ ఎంతవరకు వచ్చిందో చెప్పే పని నాది. ఆ చప్పుడుకు నా పళ్లు జివ్వుమన్నాయి. వంగి చూస్తే నేల మీద సన్నటి తెల్లగీత.

చెప్పు తిరగేసి చూశాం. మడమ చివర ఉండే రబ్బరు బిళ్ల అరిగిపోయి, లోపలి ఇనుప చీల తల మెరుస్తోంది. ఎడమదాని కంటే కుడిది ఎక్కువ అరిగింది, అదీ బయటివైపే.

ఆమె ఎప్పుడూ వెళ్లే చెప్పులు కుట్టే ఆయన బంధువుల పెళ్లికని ఊరెళ్లాడు. బజారులో పెద్ద చెప్పుల షాపుకు ఫోన్ చేస్తే, బెంగళూరు పంపించాలి, రెండు వారాలు పడుతుందన్నారు. వేరే జత వేసుకుంటాలే అంది కానీ, ఆ మాట అనేటప్పుడు చీర వైపు చూస్తూ అంది. నేను పెట్టె వెతికాను. అడుగున చిన్న ప్లాస్టిక్ కవరులో రెండు కొత్త రబ్బరు బిళ్లలు, ఒక్కోదానికి ఒక్కో ఇనుప చీలతో, పెట్టెతోపాటే వచ్చి ఉన్నాయి. నేను వేస్తానన్నాను. ఆమె నా మొహం చూసి, పాడు చేయొద్దని ఒక్క మాట చెప్పి, జాకెట్ తెచ్చుకోవడానికి టైలరు దగ్గరికి వెళ్లింది.

కారు డిక్కీలోంచి కటింగ్ ప్లేయరు, చిన్న సుత్తి, ఆకురాయి తెచ్చుకుని వరండాలో కూర్చున్నాను. ఒళ్లో తువ్వాలు పరుచుకుని, చెప్పును బోర్లా పెట్టుకున్నాను. అమ్మ అటు పక్కన చాప మీద కొత్త చింతపండులోంచి పిక్కలు తీస్తోంది. కాసేపు చూసి అడిగింది.

"ఏం చేస్తాండావురా?"

"మడమ కింద రబ్బరు మారుస్తాండా మా. రేపు నీ కోడలికి కడపలో ప్రోగ్రాం ఉండాది."

"కింద పెట్టుకొని చెయ్యరాదూ? ఒళ్లో ఎందుకు?"

కింద పెడితే పట్టు దొరకదన్నాను. అయితే అమ్మ మాట వెనక ఏముందో నాకు తెలుసు. అమ్మ కోడలిగా వచ్చిన రోజుల్లో మా తాత కూర్చున్న వసారా దాటేదాకా చెప్పులు చేతిలో పట్టుకుని, తల దించుకుని, నేల చూస్తూ వెళ్లేదట. ఎండాకాలం కూడా అంతే. అలాంటి మనిషి ముందు, పెళ్లాం చెప్పు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. లోపలికి వెళ్లి చేసుకుందామా అని కూడా అనుకున్నాను, కానీ అప్పటికే ప్లేయరు బిగించాను.

ఎడమది తేలిగ్గానే వచ్చింది. అంచు పట్టుకుని అటూ ఇటూ తిప్పితే చీలతో సహా ఊడింది. కుడిదానికి రబ్బరు మాత్రం ఊడి, చీల లోపలే ఉండిపోయింది. పైకి కనిపించేది గోరంచు అంత. ప్లేయరుతో పట్టుకుంటే జారుతోంది. గట్టిగా లాగితే చెప్పు నా చేతిలోంచి జారుతోంది. తోలుకు గీత పడుతుందని భయం. టన్నుల బండలు క్రేనుకు తగిలించి దింపించేవాణ్ణి, ఆ చిన్న చీల నాకు లొంగలేదు.

అమ్మ లేచింది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఇట్లియ్యి. నేను పట్టుకుంటా, నువ్వు పీకు."

నేను వద్దనే లోపే చెప్పును తువ్వాలుతో చుట్టి, రెండు చేతులా పట్టుకుని, మోకాళ్ల మధ్య బిగించింది. చీల మొదట్లో ఒక చుక్క కొబ్బరినూనె వేయించింది. లాగొద్దు, ముందు తిప్పమంది. తిప్పాను. మొదట కదల్లేదు. తర్వాత కిర్రుమని కొంచెం తిరిగింది. ఇంకాసేపటికి మొత్తం బయటికి వచ్చింది, అగ్గిపుల్లలో సగం పొడుగు.

ఆ రంధ్రంలోకి ఫోను లైటు వేసి చూశాను. తోలు, దాని కింద గట్టి ప్లాస్టిక్, దాని నడుమ పైదాకా ఒక ఉక్కు గొట్టం. మనం పిల్లర్లో కడ్డీ పెట్టినట్టే పెట్టారు. బయటినుంచి చూస్తే పువ్వు కాడలాగా ఉండే మడమ లోపల అంత పని దాగి ఉంది. అమ్మ కూడా ఒక కన్ను మూసి చూసింది. తర్వాత కొత్త బిళ్లను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇంతేనారా? సగం చింతపిక్కంత గూడ లేదు. దీని మీదనా అది నిలబడేది?"

అవునన్నాను. ఆ బిళ్లను నేనూ అప్పుడే సరిగ్గా చూశాను. ఒక వైపు గుండ్రం, ఒక వైపు చదును. మా ఆవిడ అడుగు వేసిన ప్రతిసారీ ఆమె బరువంతా కాసేపు అక్కడే, ఆ చిన్న నల్లటి చుక్క మీదే ఉంటుంది. మా యూనిట్లో మంచి బండ కూడా సన్నటి మొన మీద పడితే నిలువునా పగులుతుంది. ఈ మనిషేమో అటువంటి మొన మీద నిలబడి, నవ్వుతూ, వందల మంది ముందు మూడేసి గంటలు మాట్లాడుతుంది. ఇన్నేళ్లు ఒక ఇంట్లో ఉండి ఈ సంగతి ఆలోచించనే లేదు.

చదును వైపు ముందుకు వచ్చేలా పెట్టి, పైన గుడ్డ వేసి, సుత్తితో మెల్లగా కొట్టాను. ఎడమది కూర్చుంది. కుడిది వెంట్రుకవాసి ఎత్తుగా ఆగింది. ఇంకా కొడితే మడమ పగులుతుందేమోనని ఆపేశాను. అంచుల్లో మిగిలిన రబ్బరును ఆకురాయితో అరగదీస్తుండగా గేటు తీసిన చప్పుడైంది. మా ఆవిడ జాకెట్ కవరు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడిపోయింది. తన చెప్పు అత్త మోకాళ్ల మధ్య ఉంది. గబగబా వచ్చి, "అత్తా, నువ్వెందుకు పట్టుకుంటివి" అంటూ తీసుకోబోయింది.

"ఉండు, ఇంగ రోంత ఉండాది," అంది అమ్మ, చెప్పు వదలకుండా.

అయ్యాక ఆమె వేసుకుని హాల్లో నడిచింది. పాత చప్పుడు తిరిగి వచ్చింది. రెండోసారి తిరిగి వస్తూ, కుడిది రవ్వంత ఎత్తుందని చెప్పింది. నా కంటికి కూడా సరిగ్గా ఆనని తేడా అది. అరగదీయనా అని అడిగితే వద్దంది. మాట్లాడేటప్పుడు తను కుడికాలు మీదే నిలబడుతుంది కాబట్టి నాలుగు ప్రోగ్రాములకు అరిగి అదే సరిపోతుందట. అమ్మ ఆమె పాదాల వైపే చూస్తోంది. కాసేపటికి, రేపు నేనూ వస్తానంది. అంతకుముందు అమ్మ కోడలి కార్యక్రమానికి ఎప్పుడూ రాలేదు. ఎవరూ రమ్మనలేదని కాదు, మైకు గోల పడదనేది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరి నంద్యాల, మైదుకూరు మీదుగా కడప చేరాం. ఫంక్షన్ హాలు ఇంకా ఖాళీగా ఉంది. పూలవాళ్లు తోరణాలు కడుతున్నారు, కుర్చీలకు గుడ్డలు తొడుగుతున్నారు. ఎండ అప్పటికే మండుతోంది, అమ్మను బయట కూర్చోబెట్టలేక నేనూ లోపలికి వచ్చి ముందు వరసలో ఆమె పక్కన కూర్చున్నాను.

మా ఆవిడ హీల్స్ సంచీలోంచి తీయలేదు. కాళ్లకున్న మామూలు చెప్పులు కూడా విడిచి, చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి పట్టుకుని, వట్టి కాళ్లతో స్టేజీ ఎక్కింది. అటువంటి స్టేజీలు చెక్క పలకలు పక్కపక్కన పేర్చి, పైన ఎర్ర కార్పెట్ పరిచి చేస్తారు. పలకల మధ్య సందులుంటాయి. కార్పెట్ కింద అవి కంటికి కనిపించవు. ఆమె ఒక మూలనుంచి మొదలుపెట్టింది. పాదాన్ని నేల మీద మెల్లగా జరుపుతూ, బొటనవేలితో తడుముతూ, ఒక్కో చోట ఆగుతూ, మళ్లీ జరుగుతూ, స్టేజీ ఈ చివరినుంచి ఆ చివరిదాకా పోయింది. మళ్లీ వెనక్కి వచ్చింది. ఎవరితోనూ మాట్లాడలేదు. కళ్లు హాలు వైపే ఉన్నాయి, కిందికి చూడటం లేదు. పూలవాళ్లు ఆమె చుట్టూ తిరుగుతూ పని చేసుకుంటున్నారు, వాళ్లకది అలవాటేమో. నాకు మాత్రం కొత్త. నేను బయట కారులో కూర్చున్న ప్రతిచోటా, ప్రతిసారీ, లోపల ఇది జరిగి ఉంటుంది.

"ఏం చేస్తాంది?" అని అమ్మ గుసగుసగా అడిగింది.

సందులెక్కడున్నాయో చూసుకుంటోందని, వాటిలో మడమ పడితే ఇరుక్కుంటుందని చెప్పాను. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

హాలు నిండింది. మా ఆవిడ హీల్స్ వేసుకుని, మైకు తీసుకుని వచ్చింది. ఇంట్లో మాట్లాడే యాస ఎక్కడికి పోయిందో, ఆమె గొంతు అంత పెద్ద హాలులో చివరి కుర్చీదాకా నీళ్లలా పారింది. నేను మాటలు వినలేదు. కాళ్లనే చూశాను. గంట కిందట ఆమె ఆగిన చోట్లన్నీ నాకు కొద్దికొద్దిగా గుర్తున్నాయి. ఆ చోట్లలో ఒక్కదాని మీద కూడా మడమ పెట్టలేదు. పెద్దవాళ్ల వైపు తిరిగి దండం పెడుతూ, పిల్లల దగ్గరికి వెళ్లి మైకు అందిస్తూ, ఫొటోలవాళ్లకు దారి వదులుతూ, ఒక్కసారైనా నేల వైపు చూడలేదు.

పెళ్లికూతురు వచ్చింది. ఆమె కూడా అంతే సన్నటి హీల్స్ వేసుకుంది, కొత్తవి, నడక తడబడుతోంది. ఆమె అడుగు సరిగ్గా ఒక సందు వైపు పడబోతోంది. మా ఆవిడ అప్పుడు ఆ పిల్ల మేనత్త గురించి ఏదో సరదా మాట చెబుతోంది. ఆ మాట ఆపకుండానే, ఎడమచేయి చాచి, పెళ్లికూతురి మోచేతి కింద పట్టుకుని, జానెడు పక్కకు నడిపించింది. చూసేవాళ్లకు అది ముద్దుగా దగ్గరికి తీసుకున్నట్టే ఉంది. హాలంతా మేనత్త మాటకు నవ్వింది. అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది.

"చూసినావా?" అంది.

చూశానన్నాను.

భోజనాల దగ్గర అమ్మ కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని, ఇదంతా ఎవరు నేర్పినారని అడిగింది.

"ఎవురూ నేర్పలేదత్తా. మొదట్లో ఒకసారి రాయచోటిలో సందులో మడమ ఇరుక్కునింది. చెప్పు ఆడనే ఉండిపాయ, నేను ముందుకు పోతి. అందరూ నవ్వినారు. అప్పట్నుంచి ముందుగాల వచ్చి నడిచి చూసుకుంటా."

అమ్మ తన విస్తరిలోని ఓళిగ తీసి ఆమె విస్తరిలో వేసింది.

ఇప్పుడు రబ్బరు మార్చే పని నాదే. బిళ్లలు కొని ఇంట్లో పెట్టుకున్నాం. చెప్పు పట్టుకునేది అమ్మ, చీల తిప్పేది నేను. పక్కింటివాళ్లు వింతగా చూస్తే, అమ్మ వాళ్లకు బిళ్ల చూపించి, స్టేజీ సంగతి మొదట్నుంచీ చెబుతుంది. నేను కారులో కూర్చోవడం మానేశాను. ముందుగా లోపలికి వెళ్లి, ఖాళీ కుర్చీల్లో కూర్చుని, ఆమె వట్టి కాళ్లతో స్టేజీ తిరగడం చూస్తాను. అన్ని సందులు ఎలా గుర్తుంటాయని అడిగితే, తనకూ తెలియదంటుంది. మైకు పట్టుకున్నాక ఆ సంగతే ఆలోచించదట.

మొన్న బేతంచెర్లలో ఒక రిసెప్షన్ జరిగింది. ఆమె హాలు వెనక గదిలో అద్దం ముందు ఉన్నప్పుడు నేనూ చెప్పులు విడిచి స్టేజీ ఎక్కి చూశాను. బొటనవేలితో తడుముతూ పోతే మొదటి సందు దొరికింది, రెండోది దొరికింది. నాలుగోదానికి వచ్చేసరికి మొదటిది ఎక్కడుందో మరిచిపోయాను. వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి మూడోదాని దగ్గరే ఆగిపోయాను. పూలబుట్ట పట్టుకుని వచ్చిన మనిషి, ఏమన్నా పారేసుకున్నావా అన్నా అని అడిగాడు. లేదని చెప్పి, చెప్పులు చేతపట్టుకుని దిగి వచ్చాను.