‘రు’ అరలోని ఏడు రికార్డులు

ఇసోనో షిగెయోను చూసి గుర్తుపట్టేవారు మా హచినోహె రేవులో తక్కువ. గొంతు విని గుర్తుపట్టేవారు ఎక్కువ. కాఫీ హోటళ్లకూ, క్షౌరశాలలకూ, స్నానశాలలకూ తీగల మీదుగా పాటలు పంపే ఒక చిన్న సంస్థలో ఆమె ఉద్యోగం. ఎవరైనా ఫోను చేసి పాట అడిగితే, అరలోనుంచి ఆ రికార్డు తీసి వినిపించాలి.

రికార్డులన్నీ పాట పేరులోని మొదటి అక్షరాన్ని బట్టి అమరి ఉండేవి. అ, క, స, త, న, హ, మ, య, ర, వ – మా అక్షరమాలకు పది వరుసలు. వరుసకొక అమ్మాయి, ఒక కుర్చీ, ఒక ఫోను. ఒకసారికి ఒకటే పాట, ఊరంతా అదే వినాలి గనుక, ఎవరికీ అన్యాయం జరగకూడదని వంతులు పెట్టారు. అ వరుసనుంచి ఒక పాట, క వరుసనుంచి ఒకటి, అలా వ దాకా వెళ్లి మళ్లీ అ. అడిగేవారు లేని వరుస ఆ పూటకు తన వంతు వదులుకోవాలి.

షిగెయోది ర వరుస; అందులో ర, రి, రు, రె, రొ అని అయిదు అరలు. నలభై ఏళ్లు భాష బోధించినవాణ్ణి గనుక ఇక్కడొక మాట చెప్పకుండా ఉండలేను. అచ్చ జపాను మాటలు రకారంతో మొదలుకావు. అలా మొదలయ్యేవి దాదాపు అన్నీ చీనానుంచో, పడమటినుంచో వచ్చి మా మధ్య స్థిరపడినవే. అందుకే పిల్లలు, ఒకరి మాట చివరి అక్షరంతో రెండోవారు కొత్త మాట అందుకునే మాటల గొలుసు ఆడేటప్పుడు, ఎదుటివారిని ఓడించాలంటే ‘రు’తో ముగిసే మాట విసురుతారు. నేను ఈ సంగతి ఎత్తుకున్నప్పుడల్లా, “అన్నం చల్లారిపోతోంది” అనేది మా ఆవిడ. ఇప్పుడు అలా అనేవారు లేరు గనుక నేనే ఆగుతాను. అ వరుస రికార్డులు గోడంతా ఆక్రమించగా, ‘రు’ అరలో ఉన్నవి ఏడే ఏడు.

1971 సెప్టెంబరు మొదట్లో మేనేజరు నెమోతో ఆమె కుర్చీ పక్కన నిలబడ్డాడు.

“షిగెయో గారూ, నిన్న మీ ఫోను ఎన్నిసార్లు మోగింది?”

“నాలుగుసార్లండి. అందులో ఒకటి రాంగ్ నంబరు.”

“అ వరుస అమ్మాయికి మంచినీళ్లు తాగే తీరిక లేదు. నెలాఖరుకల్లా మీకు రోజుకు ముప్పై ఫోన్లు రాకపోతే మీ వరుసను వ వరుసలో కలిపేస్తాను. మీరు కింద గదిలో కవర్లు అంటించాలి.”

ఆరేళ్లలో ఆమె తన అరల్లోని ప్రతి పాటనూ కంఠస్థం చేసింది. పేరు మరిచిపోయినవారు నడిమి చరణం కూనిరాగం తీస్తే చాలు, పాట పట్టేసేది. “కవర్లు పాడవు కదా మాస్టారూ” అంది నాతో.

స్నానశాల నడిపే కునియె ఆమెకు పొరుగు. ఉపాయం చెప్పింది.

“ఓసి పిచ్చిదానా, మా ఆడవాళ్ల వైపు రోజూ అరవైమంది ఒళ్లు రుద్దుకుంటారు. తలా ఒక ఫోను చేయిస్తే సరి!”

“వద్దక్కా. వినాలని లేనివాళ్లు అడిగితే పాటకు అవమానం.”

“ఆహా! రికార్డులకు కూడా పరువుంటుందన్నమాట. అయితే నువ్వు కవర్లే అంటించుకో.”

మూడో వారానికి కూడా ఫోన్లు రోజుకు తొమ్మిది దాటలేదు. అప్పుడు తుపాను వచ్చింది. కణవ చేపల వేటకు వెళ్లే పడవలన్నీ రేవులో కట్టేశారు. మూడు రోజులపాటు ఊళ్లోని హోటళ్లన్నీ బెస్తవాళ్లతో నిండిపోయాయి. పని లేని మనిషికి పాట కావాలి. అందరికీ కావలసినవి అ వరుసలోనో, క వరుసలోనో ఉన్నాయి. మొదటిరోజు మధ్యాహ్నం షిగెయో ఫోను మోగింది.

“హలో! నేను కణవల పడవ గొంపాచిని. అ వరుస ఫోను ఎంతకీ కలవడం లేదు. నా పాట నువ్వే పెట్టించమ్మా.”

“ఆ వరుసలో మీ ముందు నలభైమూడుమంది ఉన్నారన్నా. రేపు మధ్యాహ్నానికి వస్తుంది.”

“రేపా? అప్పటికి నా గడ్డం మోకాళ్లదాకా పెరుగుతుంది! ఇప్పుడే వినిపించేది ఏదైనా ఉందా?”

“నా వరుసలో ఎవరూ లేరు. పావుగంటలో ‘రు’ పాట పెడతాను. ‘రుసుబాన్ నో కాసా’. ఇంటికి కాపలా ఉన్నవాడి గొడుగు గురించి.”

“గొడుగు మీద పాటా? బాగుంటుందా?”

“ఏడిపిస్తుంది. మధ్యలో ఈల కూడా ఉంది.”

“ఈల ఉందా? పెట్టు, పెట్టు!”

ఆ సమయానికి నేను క్షౌరశాలలో ఉన్నాను. ఈల వచ్చేసరికి మంగలి నా గొంతు మీద కత్తి నిలిపి, తానూ ఈల అందుకున్నాడు. అంత భయంతో నేను ఏ పాటా వినలేదు; అంత శ్రద్ధతోనూ వినలేదు.

పావుగంటలో పాట దొరుకుతుందన్న వార్త హోటలునుంచి హోటలుకు పాకింది. “నీ దగ్గర ఏదుంటే అదే పెట్టమ్మా” అనేవారు కొందరు. “నిన్నటి ఈలపాట మళ్లీ” అనేవారు కొందరు. షిగెయో ‘రు’ అరలోని ఏడు రికార్డులనూ వంతులవారీగా వినిపించింది. వినిపించే ముందు ఒక్కొక్కదాన్ని గురించి, ఇంటికి వచ్చిన చుట్టాన్ని పరిచయం చేసినట్లు, రెండు మాటలు చెప్పేది. మూడోరోజుకు ఫోన్లు యాభైరెండు.

నాలుగోరోజు ఆకాశం తెరిపిచ్చింది. తెల్లవారకముందే పడవలన్నీ వెళ్లిపోయాయి. వానతో వచ్చినవాళ్లు వానతోనే పోతారని భయపడుతూ షిగెయో కుర్చీలో కూర్చుంది. తొమ్మిదింపావుదాకా ఫోను పలకలేదు. తరువాత మోగింది.

“క్షౌరశాలనుంచమ్మా. ఆ ఈలపాట పెట్టు. ఇక్కడొక పెద్దమనిషి తలనిండా సబ్బుతో కూర్చుని, అది వింటేగాని కడగనివ్వనంటున్నాడు!”

పడవలు వెళ్లాయి కాని, మూడు రోజులు ఆ పాటలు విన్న గోడలూ, గోడల మధ్య మనుషులూ ఊళ్లోనే ఉన్నారు. హోటలు యజమానులకు అవి నోటికి వచ్చేశాయి. నెల చివరి వారం లెక్క చూస్తే రోజుకు ముప్పైఎనిమిది తేలింది.

నెమోతో వచ్చి కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. “ఇది ఇక్కడే ఉంటుంది” అన్నాడు. వెళ్లబోతూ ఆగి, ఎవరూ వినకుండా వంగి, “ఆ ‘రురి నో ఫునె’, అదే ఆ నీలిపడవ పాట, ఒకసారి పెడతారా? పొద్దుటినుంచీ నాలుక మీదే ఆడుతోంది” అని అడిగాడు.

షిగెయో చీటీలు చూసింది.

“మీ ముందు పదకొండుమంది ఉన్నారండి. తొందరైతే వ వరుసలో ఏదైనా అడిగి చూడండి.”